రాయి అడుగున, ఊరు పైన: షేల్ గ్యాస్‌లో మదుపరి భయాలు



ఎవరి పేరిట ఈ స్మారక నిధి ఏర్పడిందో ఆ మాస్టారు కాకినాడలో కామర్స్ చెప్పేవారు. బ్యాలెన్స్ షీటు చేతికిచ్చి, లాభం ఎంతో చూడకుండా ముందు వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండే గమనికలు చదవమనేవారు. కంపెనీ దేనికి భయపడుతోందో అక్కడే రాసుకుంటుందని ఆయన నమ్మకం. ఆయన నేర్పిన పద్ధతిలోనే, ఒక ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉన్న ఒక షరతు దగ్గర మొదలుపెడతాను.

2009 డిసెంబరు 14న ఎక్సాన్‌మొబిల్ అనే మహా కంపెనీ ఎక్స్‌టీఓ ఎనర్జీ అనే షేల్ గ్యాస్ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. షేర్ల రూపంలో ఇచ్చే ధర 3,100 కోట్ల డాలర్లు. ఎక్స్‌టీఓ అప్పులు కూడా కలుపుకుంటే 4,100 కోట్ల డాలర్లు. అమెరికాలో షేల్ గ్యాస్‌కు ఇక తిరుగులేదని ఆరోజు పత్రికలన్నీ రాశాయి. ఒప్పందం లోపలి పేజీల్లో మాత్రం ఒక షరతు ఉంది. రాయిని చిట్లగొట్టి గ్యాస్ తీసే ఫ్రాకింగ్ పద్ధతిని అమెరికా కాంగ్రెస్ చట్టవిరుద్ధం చేసినా, వ్యాపారానికి గిట్టుబాటు కాని స్థితికి తెచ్చినా, ఎక్సాన్ ఈ కొనుగోలు నుంచి తప్పుకోవచ్చు. మరుసటి నెలలోనే, 2010 జనవరిలో, ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు కంపెనీ అధిపతి రెక్స్ టిల్లర్సన్ కూర్చున్నప్పుడు సభ్యులు అడిగిన ప్రశ్నల్లో ఈ షరతుదీ ఒకటి. పద్ధతి అంత భద్రమైనదైతే ఈ వాక్యం ఎందుకు రాసుకున్నారన్నది వాళ్ల సందేహం.

నా సందేహం వేరు. భూగర్భ శాస్త్రవేత్తలు, లాయర్లు, లెక్కల నిపుణులు దండిగా ఉన్న కంపెనీ, రాయిలో గ్యాస్ ఉందా లేదా అన్న విషయం మీద కాకుండా చట్టసభ మీద భయం పెట్టుకుంది. ఆ భయానికి ఆర్థిక పరిభాషలో రాజకీయ రిస్క్ అని పేరు. నీళ్లు పాడవడం, భూమి అదరడం, గ్యాస్ లీకవడం వంటివాటిని పర్యావరణ రిస్క్ అనే మరో గడిలో రాస్తారు. గడులు రెండైనా నాకు అర్థమైనంతలో లెక్క ఒకటే. బావి దగ్గర దాచిపెట్టినదీ, కొలవకుండా వదిలేసినదీ కొన్నేళ్లకు రాజకీయ రిస్క్ అన్న పేరుతో బయటికి వస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే. దీనికి ఎదురు నిలిచే ఉదాహరణలు కూడా ఉన్నాయి. వాటినీ దాచను.

ముందు రాయి సంగతి. కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పేరుకున్న మెత్తటి బురద, పైన పడ్డ బరువుకు గట్టిపడి పొరలు పొరలుగా మారితే షేల్. ఆ బురదలో చిక్కుకున్న జీవపదార్థమే వేడికి గ్యాస్ అయింది. మామూలు గ్యాస్ బావిలో ఇసుకరాయి రంధ్రాల గుండా గ్యాస్ తనంతట తాను నడిచి వస్తుంది. షేల్‌లో అలా రాదు, రాయిలోనే బిగుసుకుపోయి ఉంటుంది. అందుకని కిలోమీటరున్నరో రెండు కిలోమీటర్లో నిలువుగా తవ్వి, అక్కడ బావిని అడ్డంగా తిప్పి, నీళ్లూ ఇసుకా కొద్దిగా రసాయనాలూ కలిపి విపరీతమైన ఒత్తిడితో పంపి రాయిని చిట్లగొడతారు. ఇసుక రేణువులు ఆ పగుళ్లు మూసుకోకుండా ఆపుతాయి. టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో జార్జ్ మిచెల్ కంపెనీ 1990ల చివర్లో దీన్ని గిట్టుబాటు పద్ధతిగా మలిచింది. 2004లో రేంజ్ రిసోర్సెస్ పెన్సిల్వేనియాలో మార్సెలస్ షేల్ తలుపు తట్టింది. ఆ తర్వాత పదేళ్లలో అమెరికా గ్యాస్ చరిత్రే మారిపోయింది.

మదుపరి గుర్తుంచుకోవలసిన భౌతిక లక్షణం ఇంకొకటి ఉంది. షేల్ బావి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా నీరసిస్తుంది. ఉత్పత్తి నిలబడాలంటే ప్రతి ఏడాదీ కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి. అంటే కొత్త పొలాలు, కొత్త రోడ్లు, రాత్రీ పగలూ తిరిగే లారీలు. మామూలు గ్యాస్ కంపెనీ ఊరిని ఒకసారి ఒప్పించుకుంటే ఇరవై ఏళ్లు నడిచిపోతుంది. షేల్ కంపెనీ ఏటేటా పక్క ఊరి గుమ్మం ముందు నిలబడాలి. నిరుడు ఒక ఊళ్లో జరిగిన సంగతి కంపెనీ బృందం కంటే ముందే పక్క ఊరికి చేరి ఉంటుంది. కాబట్టి ఈ పరిశ్రమలో ఊరి సమ్మతి ఇసుకలాంటి, సిమెంటులాంటి ముడిసరుకు. అది దొరక్కపోతే ఉత్పత్తి ఆగుతుంది. చాలా కంపెనీలు దీన్ని ఖర్చుల పట్టీలో రాసుకోలేదు.

డిమాక్ కథ ఇక్కడే చెప్పాలి. ఈశాన్య పెన్సిల్వేనియాలో సస్క్వెహనా కౌంటీలో ఉన్న చిన్న ఊరు అది. కాబట్ ఆయిల్ అండ్ గ్యాస్ అక్కడ బావులు తవ్వింది. 2009 జనవరి 1న, ఒక ఇంటి మంచినీటి బోరు గుంతలో పోగుపడ్డ మీథేన్ పేలి, పైనున్న కాంక్రీటు మూత ముక్కలై ఎగిరిపడింది. ఆ చుట్టుపక్కల ఇళ్లలో కుళాయి నీటితో పాటు గ్యాస్ వస్తోందన్న ఫిర్యాదులు అప్పుడు దేశమంతా వినబడ్డాయి. ఆ నేలలో మీథేన్ ముందునుంచీ ఉన్నదేనని కంపెనీ వాదించింది. కంపెనీ బావుల్లోని లోపాలవల్లే గ్యాస్ పైకి వచ్చిందని రాష్ట్ర పర్యావరణ శాఖ తేల్చి, 2010లో డిమాక్ చుట్టూ కొంత మేర కొత్త డ్రిల్లింగ్‌ను ఆపేసింది. 2020లో క్రిమినల్ అభియోగాలు నమోదయ్యాయి. 2022 నవంబరులో కాబట్ వారసురాలు కొటెరా కంపెనీ ఆ అభియోగాన్ని ఇక ఎదుర్కోబోనని కోర్టుకు చెప్పి, ఊరికి మంచినీటి పైపులైను వేయడానికి కోటీ 60 లక్షల డాలర్లకు పైగా ఇవ్వడానికి, బాధిత కుటుంబాల నీటి బిల్లులు 75 ఏళ్లపాటు కట్టడానికి ఒప్పుకుంది. పేలుడుకూ పరిష్కారానికీ మధ్య దాదాపు పద్నాలుగేళ్లు గడిచాయి.

ఇందులో లోపం ఎక్కడుందో దగ్గరగా చూడాలి. రెండు కిలోమీటర్ల లోతున చిట్లిన రాయి నుంచి గ్యాస్ నేరుగా పైకి పాకి మంచినీళ్లలో కలవడం అరుదు. బావి నిలువునా దిగేటప్పుడు మంచినీటి పొరను దాటి వెళ్తుంది. ఆ దారి పొడవునా ఉక్కు గొట్టం దించుతారు, దాన్ని కేసింగ్ అంటారు. కేసింగ్‌కూ చుట్టూ ఉన్న నేలకూ మధ్య రెండు మూడు అంగుళాల సందు ఉంటుంది. ఆ సందులో కిందినుంచి పైకి సిమెంటు పాలు ఎక్కిస్తారు. సిమెంటు సరిగా పట్టకపోయినా, సన్నటి చీలిక మిగిలినా, మధ్య పొరల్లో ఉన్న గ్యాస్ ఆ చీలిక వెంట ఎక్కి బోరు నీళ్లలోకి చేరుతుంది. సిమెంటు పట్టిందో లేదో తెలుసుకోవడానికి శబ్దతరంగాలు పంపి చూసే పరీక్ష ఉంది. దానికి డబ్బు, ఒకటి రెండు రోజుల సమయం కావాలి. రిగ్గు అద్దె రోజులెక్కన కట్టే చోట ఆ ఒకటి రెండు రోజులు ఎవరో మేనేజరుకు భారంగా కనిపిస్తాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2016 డిసెంబరులో ఇచ్చిన తుది నివేదిక కూడా తాగునీటికి హాని జరగగల మార్గాల్లో బావి పటిష్ఠత లోపాలను, ఒలికిపోయిన ద్రవాలను, సరిగా శుద్ధి కాకుండా వదిలిన మురుగునీటిని పేర్కొంది. సినిమాల్లో, నినాదాల్లో ఫ్రాకింగ్ అన్నమాటే మోగింది కానీ, అసలు ప్రమాదం చాలాచోట్ల సిమెంటు పనితనంలో ఉంది. పనితనంలో ఉన్న ప్రమాదాన్ని మదుపరి కొలవగలడు, అడగగలడు.

అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్లు పెద్ద బ్యాంకులు కారు. అమెరికాలో చర్చిల పింఛను నిధులు, కేథలిక్ సన్యాసినుల సంఘాలు సభ్యులుగా 1971 నుంచి పనిచేస్తున్న మతసంస్థల మదుపు కూటమి ఒకటి ఉంది. దానితో పాటు గ్రీన్ సెంచురీ, యాజ్ యూ సో వంటి చిన్న నిధులు, సంస్థలు. రెండు వేల డాలర్ల విలువైన షేర్లు ఏడాదిపాటు దగ్గరుంచుకుంటే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టే హక్కు అప్పటి అమెరికా నిబంధన ఇచ్చేది. 2010లో వీళ్లు ఫ్రాకింగ్ రిస్కుల గురించి తీర్మానాలు పెట్టారు. కాబట్ సమావేశంలో మూడో వంతుకు పైగా ఓట్లు పడ్డాయి. మరుసటి ఏడాది షెవ్రాన్‌లో నూటికి 40 దాకా, ఎక్సాన్‌లో నూటికి 28 వచ్చాయి. బోర్డు వద్దన్న తీర్మానానికి అమెరికా కంపెనీల్లో నూటికి పది ఓట్లు పడితేనే గట్టి మాటగా లెక్క. పెద్ద పింఛను నిధులు, మ్యూచువల్ ఫండ్లు కూడా వీళ్లతో చేయి కలపకుండా ఆ అంకెలు రావు.

వాళ్లు కోరింది నిషేధం కాదు, వివరం. ఎన్ని బావుల్లో సిమెంటు పరీక్ష చేశారు, ఎక్కడి నీళ్లు వాడారు, వెనక్కి వచ్చిన ఉప్పునీళ్లు ఎక్కడ పోశారు, ఏ రసాయనాలు కలిపారు, తవ్వకముందు ఊరి బోర్ల నీళ్లు పరీక్షించి పెట్టుకున్నారా, ఎన్ని జరిమానాలు కట్టారు. 2011 డిసెంబరులో ఇవన్నీ పన్నెండు లక్ష్యాలుగా కూర్చి మదుపరులకు ఒక కరదీపిక వేశారు. 2013లో 24 కంపెనీలు బయటపెట్టిన సమాచారాన్ని 32 అంశాల మీద లెక్కగట్టారు. మొదటి స్థానం వచ్చిన ఎన్‌కానాకు దక్కింది 14. తరగతిలో ఫస్టు వచ్చిన పిల్లవాడికి సగం మార్కులు కూడా లేవన్నమాట. 2014లో, అన్నేళ్లు మొండికేసిన ఎక్సాన్ కూడా ఫ్రాకింగ్ రిస్కుల మీద నివేదిక ప్రచురించడానికి ఒప్పుకుంది.

తవ్వకముందు ఊరి బోర్ల నీళ్లు పరీక్షించి పెట్టుకోవడం అన్న అంశం దగ్గర కొంచెం ఆగుతాను. డిమాక్‌లో వివాదం ఏళ్ల తరబడి సాగడానికి ఒక ముఖ్య కారణం, ముందు ఆ నీళ్లలో మీథేన్ ఎంత ఉందో ఇరుపక్షాలూ నమ్మే కాగితం లేకపోవడం. ఒక్కో బోరుకు చిన్న ఖర్చుతో అయ్యే పని అది. ఆ కాగితం ఉంటే కంపెనీ నిర్దోషి అయితే ఆ సంగతి తేలేది, దోషి అయితే ఊరికి వెంటనే న్యాయం జరిగేది. అది లేకపోవడంతో అనుమానం పక్క రాష్ట్రానికి పాకింది.

పక్క రాష్ట్రం న్యూయార్క్. పెన్సిల్వేనియా సరిహద్దుకు ఇవతల డిమాక్ ఉంటే, అవతల అదే మార్సెలస్ రాయి మీద న్యూయార్క్ పల్లెలున్నాయి. 2008లో గవర్నరు పర్యావరణ సమీక్ష జరగాలన్నారు, అనుమతులు ఆగాయి. సమీక్ష ఏళ్లు సాగింది. ఈలోగా డ్రైడెన్ అనే చిన్న పట్టణం 2011లో తన భూవినియోగ నిబంధనల్లో గ్యాస్ తవ్వకాన్నే తీసేసింది. రాష్ట్రం అనుమతిస్తే పట్టణం కాదనగలదా అని కంపెనీలు కోర్టుకెళ్లాయి. నార్వే మూలాలున్న నార్స్ ఎనర్జీ అప్పటికే న్యూయార్క్‌లో విస్తారంగా లీజులు తీసుకుని, సమీక్ష పూర్తవుతుందని ఎదురుచూస్తూ కూర్చుంది. 2012 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. 2014 జూన్‌లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం పట్టణం పక్షాన తీర్పు చెప్పేనాటికి కంపెనీ తరఫున కేసు నడిపింది దివాలా వ్యవహారాల ట్రస్టీ. ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రం మొత్తం ఫ్రాకింగ్‌ను నిషేధించింది. 2020లో అది చట్టమైంది. నార్స్ వాటాదారుడు కొన్న లీజుల్లో రాయికి ఏ లోపమూ లేదు. న్యూయార్క్‌లో అది ఒక్క షేల్ బావిలోనూ ఎవరి నీళ్లూ పాడుచేయలేదు. పొరుగు రాష్ట్రంలో మరో కంపెనీ చేసిన పనికి మూల్యం అది చెల్లించింది. పరిశ్రమలో ఒకరి అలసత్వం అందరి రిస్క్ అవుతుందని కరదీపిక రాసిన మదుపరులు చెప్పింది ఈ సంగతే.

యూరప్‌లో ఇది ఇంకా వేగంగా జరిగింది. 2011 జులైలో ఫ్రాన్సు ఫ్రాకింగ్‌ను చట్టంతో నిషేధించి, అనుమతులు రద్దు చేసింది. ష్యూప్‌బాక్ అనే కంపెనీ రాజ్యాంగ మండలి దాకా వెళ్లి 2013 అక్టోబరులో ఓడింది. బల్గేరియా 2012 జనవరిలో షెవ్రాన్‌కు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. ఆ వేగానికి ఒక కారణం భూమి చట్టంలో ఉంది. అమెరికాలో పొలం కింద ఉన్న ఖనిజం చాలాచోట్ల రైతుదే. పెన్సిల్వేనియాలో గ్యాస్ లీజుకిచ్చిన రైతుకు రాయల్టీ ఎనిమిదో వంతుకు తగ్గకూడదని చట్టం. ఇబ్బంది పడ్డవాడికి ఆదాయమూ ఉంది కాబట్టి ఊళ్లో రెండు అభిప్రాయాలుంటాయి. ఫ్రాన్సులో, పోలండ్‌లో, బ్రిటన్‌లో గ్యాస్ ప్రభుత్వానిది. ఊరికి మిగిలేది లారీల దుమ్ము. మన దేశంలోనూ అంతే. పొలానికి పరిహారం వస్తుంది, నేల కింది గ్యాస్ మీద రాయల్టీ ప్రభుత్వానికి పోతుంది.

ఎదురు ఉదాహరణలు దాచనన్నాను. అందులో పోలండ్ మొదటిది. రష్యా గ్యాస్ మీద ఆధారపడటం ఇష్టంలేని ఆ దేశ ప్రభుత్వం షేల్ గ్యాస్‌ను రెండు చేతులా ఆహ్వానించింది. 2011లో అమెరికా ఇంధన సమాచార సంస్థ ఆ దేశంలో వెలికితీయదగ్గ గ్యాస్ 5.3 లక్షల కోట్ల ఘనపు మీటర్లన్నది. 2012 మార్చిలో పోలండ్ సొంత భూగర్భ సంస్థ, 34,600 కోట్ల నుంచి 76,800 కోట్ల ఘనపు మీటర్ల దాకా ఉండొచ్చని చెప్పింది. అంటే ఎక్కువలో ఎక్కువ అనుకున్నా మొదటి అంచనాలో దాదాపు ఏడో వంతే. ఆ జూన్‌లోనే రెండు బావులు తవ్వి చూసిన ఎక్సాన్ వెళ్లిపోయింది. మారథాన్, టాలిస్మన్ 2013లో, షెవ్రాన్ 2015 జనవరిలో వెళ్లాయి. అక్కడ ప్రభుత్వం మిత్రుడే, రాయి మిత్రుడు కాలేదు.

రెండోది ధర. 2008 వేసవిలో అమెరికాలో గ్యాస్ ధర పన్నెండు డాలర్లు దాటింది. 2012 ఏప్రిల్‌కు రెండు డాలర్ల కిందికి పడింది. పడేసింది ఏ చట్టసభా కాదు, షేల్ విజయమే. బిహెచ్‌పి 2011లో 475 కోట్ల డాలర్లకు ఫెయట్‌విల్ షేల్ ఆస్తులను, 1,210 కోట్ల డాలర్లకు పెట్రోహాక్ కంపెనీని కొంది. 2013 తర్వాతి ఏళ్లలో, సమాచారం బయటపెట్టే విషయంలో మదుపరుల జాబితాలో ముందు నిలిచిన కంపెనీ కూడా అదే. 2018లో ఆ షేల్ ఆస్తులన్నీ 1,080 కోట్ల డాలర్లకు వదిలించుకుంది. మంచి నడవడి ఉన్న కంపెనీకి కూడా ధర పడిపోవడం నుంచి రక్షణ లేదు. ఎక్సాన్ 2020 చివర్లో గ్యాస్ ఆస్తుల విలువను 1,700 నుంచి 2,000 కోట్ల డాలర్ల దాకా తగ్గించి రాసుకోబోతున్నట్టు ప్రకటించింది. వాటిలో ఎక్స్‌టీఓతో వచ్చినవీ ఉన్నాయి. షరతు రాసుకున్న భయం నిజం కాలేదు, రాసుకోనిది నిజమైంది.

మన ఇళ్లలో షేర్లున్న కంపెనీ కూడా ఇందులో ఉంది. కాకినాడ దగ్గర గాడిమొగ తీరానికి కేజీ-డి6 గ్యాస్ తెచ్చిన రిలయన్స్, 2010లో అమెరికా షేల్‌లో మూడు భాగస్వామ్యాలు కుదుర్చుకుంది. మొదటిది మార్సెలస్‌లో అట్లాస్ ఎనర్జీతో, 40 శాతం వాటాకు 170 కోట్ల డాలర్లు. 2021లో ఆ వాటాను నార్తర్న్ ఆయిల్ అండ్ గ్యాస్‌కు 25 కోట్ల డాలర్లకు అమ్మింది. అదే ఏడాది టెక్సస్‌లోని ఈగిల్‌ఫోర్డ్ వాటా కూడా అమ్మి, షేల్ వ్యాపారం నుంచి పూర్తిగా బయటికి వచ్చింది. అక్కడ నిషేధం ఏదీ రాలేదు. ధరే మింగింది.

ధరా రాయీ ఇంత నష్టం చేయగలిగినప్పుడు ఊరి సమ్మతి గురించి ఇంతసేపు ఎందుకని మీరు అడగవచ్చు. ధర మీద బీమా కొనవచ్చు, ముందస్తు ఒప్పందాలు చేసుకోవచ్చు. రాయి సంగతి నాలుగు బావులు తవ్వితే తెలిసిపోతుంది. ఊరి అపనమ్మకం మీద బీమా అమ్మేవాడు లేడు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఏం జరిగిందో చూస్తే ఇది అర్థమవుతుంది.

ఇంగ్లండ్ వాయవ్యంలో బ్లాక్‌పూల్ దగ్గర ప్రీస్ హాల్ అనే చోట క్వాడ్రిల్లా కంపెనీ 2011లో ఫ్రాకింగ్ చేసింది. ఏప్రిల్‌లో 2.3, మే నెలలో 1.5 తీవ్రతతో భూమి కంపించింది. పని ఆగింది. తర్వాత తేలిందేమంటే, బావి లోపల కేసింగ్ వంగిపోయింది. ఆ సంగతిని వెంటనే తెలియజేయనందుకు మంత్రి కంపెనీకి లేఖ రాశారు. 2012 డిసెంబరులో ప్రభుత్వం మళ్లీ అనుమతించింది, ఒక షరతు మీద: పని జరుగుతుండగా 0.5 తీవ్రత దాటితే ఆపాలి. ఆ షరతును అప్పట్లో పరిశ్రమ ఒప్పుకుంది. 2013లో సెంట్రికా ఆ లైసెన్సులో నాలుగో వంతును 4 కోట్ల పౌండ్లు చెల్లించి కొంది.

రెండో చోటు ప్రెస్టన్ న్యూ రోడ్డు. 2015 జూన్‌లో లాంకషైర్ కౌంటీ కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. 2016 అక్టోబరులో లండన్‌లోని మంత్రి ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చి అనుమతి ఇచ్చాడు. కంపెనీకి కాగితం చేతికొచ్చింది. అక్కడ పని మొదలైనప్పటి నుంచే గేటు ముందు రోజూ నిరసన మొదలైంది. జిల్లా ఓటుతో ఎన్నికైన సభ కాదన్నదాన్ని రాజధాని అవునంటే, ఆ జిల్లాలో అధికార పార్టీ ఎంపీలకు కూడా అది మింగుడుపడలేదు. 2018 అక్టోబరు 15న ఫ్రాకింగ్ మొదలైంది. 0.5 గీత పదేపదే దాటింది, పని పదేపదే ఆగింది. గీత పైకి జరపమని కంపెనీ కోరితే ప్రభుత్వం వినలేదు. ఒప్పుకున్న గీతను ఊరి కళ్లముందు జరిపే ధైర్యం ఏ మంత్రికీ లేకపోయింది. 2019 ఆగస్టు 26న 2.9 వచ్చింది. 0.5తో పోలిస్తే ఆ కంపనం ఊపు దాదాపు 250 రెట్లు. ఇళ్లు అదిరాయి. నవంబరు 2న, ఎన్నికల ముంగిట, ఇంగ్లండ్ అంతటా ఫ్రాకింగ్ ఆపేశారు.

2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధర ఆకాశాన్నంటింది. ధరపరంగా అంతకంటే మంచి అదను ఉండదు. సెప్టెంబరులో కొత్త ప్రధాని లిజ్ ట్రస్ నిషేధం ఎత్తేశారు, స్థానికుల సమ్మతి ఉన్నచోటే అంటూ. అక్టోబరు 19న ఇదే విషయం మీద పార్లమెంటులో జరిగిన ఓటింగు సొంత పార్టీలో గందరగోళమై, మరునాడు ఆమె రాజీనామా చేశారు. వారం తిరక్కుండా రిషి సునాక్ నిషేధం మళ్లీ పెట్టారు. పదకొండేళ్లలో రెండు బావుల కేంద్రాలు, ఎందరో మంత్రులు. అమ్మకానికి చెప్పుకోదగ్గ గ్యాస్ రాలేదు. 2011లో వంగిన కేసింగ్ సంగతిని ఆ రోజే కంపెనీ చెప్పి ఉంటే కథ మారేదని రుజువు చేయలేను. అక్కడి జనం ఆ కంపెనీ మాటను ఆ తర్వాత నమ్మలేదన్నది మాత్రం గేటు ముందు రోజూ కనబడింది.

నష్టపోయిన మదుపరికి కోర్టు దారి ఉంది కదా అంటారు. లోన్ పైన్ రిసోర్సెస్ ఆ దారి తొక్కింది. 2011 జూన్‌లో క్యుబెక్ రాష్ట్రం సెయింట్ లారెన్స్ నది కింద ఉన్న చమురు, గ్యాస్ లైసెన్సులను పరిహారం లేకుండా రద్దు చేసింది. కంపెనీ పని చేసేది కెనడాలోని కాల్గరీ నుంచి, నమోదైంది అమెరికాలోని డెలవేర్‌లో. విదేశీ మదుపరి హోదాలో ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం కింద కెనడా మీద 25 కోట్ల డాలర్ల దావా వేసింది. 2022 నవంబరులో మధ్యవర్తుల మండలి మెజారిటీ తీర్పుతో దావా కొట్టేసింది. నదిని కాపాడాలనుకోవడం రాష్ట్రానికి ఉన్న న్యాయమైన కారణమేనని తేల్చింది. ఇప్పుడు ఏ లాయరూ షేల్ మదుపరికి ఒప్పందాల అండ ఉందని నిబ్బరంగా చెప్పలేడు. నేను ఆ తీర్పును మంచి తీర్పంటాను.

ఇక మన గోదావరి. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని షేల్ పొరకు భూగర్భ శాస్త్రంలో పేరు రాఘవాపురం షేల్. అది పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఊరి పేరు. అంతకంటే పాత పొర పేరు కొమ్ముగూడెం. కేంద్రం 2013 అక్టోబరులో షేల్ విధానం ప్రకటించి, మొదటి విడతలో ఓఎన్‌జీసీ తన 50 బ్లాకుల్లో అన్వేషించాలంది. అందులో పది ఇక్కడివి. భారతదేశంలో వెలికితీయదగ్గ షేల్ గ్యాస్ 96 లక్షల కోట్ల ఘనపుటడుగులని 2013లో అమెరికా ఇంధన సమాచార సంస్థ అంచనా. అంతకు ముందేడాది అమెరికా భూగర్భ సర్వే కృష్ణా-గోదావరి, కావేరి, కాంబే మూడింటికీ కలిపి 6.1 లక్షల కోట్లన్నది. రెండింటి పరిధులు ఒకటి కాదు కానీ, పోలండ్ కథ విన్నవాళ్లకు ఆ తేడా చూడగానే తెలియాలి. ఇంతవరకూ ఇక్కడ వ్యాపార స్థాయిలో షేల్ గ్యాస్ రాలేదు.

వస్తే ఏమిటి? ఒక బావి ఫ్రాకింగ్‌కు కోటిన్నర నుంచి రెండు కోట్ల లీటర్ల నీళ్లు కావాలి. అది మూడు నాలుగు ఎకరాల దాళ్వా వరికి సరిపోయే నీరు. ఒక్క బావికైతే పెద్ద లెక్క కాదు, ఎక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు. కానీ ముందే చెప్పాను, ఈ వ్యాపారంలో బావులు వందల్లో తవ్వాలి. కాలువ చివరి భూములకు వంతుల వారీగా నీళ్లు వదిలే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ ట్యాంకర్లు కాలువ గట్టు మీదుగా వెళ్తే ఏమవుతుందో డెల్టాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. అంతకంటే నాకు దిగులు, వెనక్కి వచ్చే ఉప్పునీరు. బోర్లలో ఇప్పటికే ఉప్పు ఎక్కుతున్న నేల ఇది. ఆ నీరు ఎక్కడ పోస్తారు? పైగా ఈ నేలకు జ్ఞాపకాలున్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. షేల్ కోసం వచ్చే రిగ్గు ఆ జ్ఞాపకాల మధ్య నిలబడుతుంది. కావేరి డెల్టాలో నెడువాసల్ రైతులు 2017లో రోడ్డెక్కితే, మూడేళ్లకు తమిళనాడు డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. కొత్త చమురు, గ్యాస్ తవ్వకాలకు అక్కడ తలుపు మూసుకుంది. గోదావరి జిల్లాల్లో అలాంటి చట్టం ఎప్పుడో వస్తుందన్నది ఓఎన్‌జీసీ వార్షిక నివేదికలో ఒక రిస్కుగా రాయవలసిన విషయమని నా అభిప్రాయం.

మనకు అమెరికా సన్యాసినులకున్న హక్కు లేదు. మన కంపెనీల చట్టం ప్రకారం వాటాదారులు తమంతట తాము సమావేశం పిలిపించాలంటే ఓటు హక్కున్న మూలధనంలో పదో వంతు చేతిలో ఉండాలి. ఓఎన్‌జీసీలో సగానికి పైగా ప్రభుత్వానిదే, ఎల్‌ఐసీకి కూడా పెద్ద వాటా ఉంది. అంటే ఇక్కడ నిబంధన రాసేవాడూ యజమానీ ఒక్కడే. రాజకీయ రిస్క్ బయటినుంచి రాదు, ఇంట్లోనే ఉంటుంది. అయినా మిగిలిన దారులున్నాయి. మ్యూచువల్ ఫండ్లు ఏ తీర్మానానికి ఎలా ఓటేశాయో బయటపెట్టాలని సెబీ నియమం ఉంది. పెద్ద నమోదిత కంపెనీలు 2022-23 నుంచి నీటి వాడకం, వ్యర్థాల లెక్కలతో బాధ్యతా నివేదిక తప్పనిసరిగా ఇస్తున్నాయి. ఒక్క షేరున్న మనిషి కూడా సర్వసభ్య సమావేశంలో ప్రశ్న అడగవచ్చు.

ఓఎన్‌జీసీని అడగవలసినవి నాకు తోచినంతలో నాలుగు. కేజీ బేసిన్ ఒడ్డు మీది బావుల్లో ఎన్నింటికి సిమెంటు పరీక్ష జరిగింది, ఫలితాలు ఆ పంచాయతీలకు ఇస్తారా? తవ్వకముందు చుట్టూ కిలోమీటరులోని బోర్ల నీళ్లు పరీక్షించి, ఆ కాగితం రైతు చేతికి తెలుగులో ఇస్తారా? వెనక్కి వచ్చే ఉప్పునీటి లెక్క బావి వారీగా ప్రకటిస్తారా? పని అయిపోయిన బావిని మూసే ఖర్చుకు డబ్బు విడిగా తీసిపెట్టారా? ఈ నాలుగింటినీ ఉత్తరంగా రాసి తెచ్చాను, ప్రతులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. షేరున్నవాళ్లు కంపెనీ కార్యదర్శికి పంపండి, పాలసీ ఉన్నవాళ్లు ఎల్‌ఐసీకి పంపండి.